ఏడాది పాప లంగా దగ్గర నా వెతుకులాట ఆగింది

2021 దసరా వెళ్ళాక మొదలుపెట్టాను. ఇంట్లో ఉండి ఆన్‌లైన్‌లో ఏదైనా అమ్మాలి, నెలకి ఎనిమిది పదివేలైనా మిగలాలి, అంతే నా కోరిక. ఏం అమ్మాలన్నది వారం పదిరోజుల్లో తేలిపోతుందనుకున్నాను. పదమూడు నెలలు పట్టింది. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి "అక్కా, నేనూ ఏదైనా మొదలుపెడదామనుకుంటున్నా, ఏం అమ్మితే బాగుంటుంది?" అని అడిగితే ఒక్క మాటలో చెప్పలేకపోతున్నాను. అందుకే ఆ పదమూడు నెలలూ ఏం చేశానో, ఎక్కడ డబ్బు పోయిందో, చివరికి ఎక్కడ ఆగానో రాస్తున్నాను.

మాది మంగళగిరి. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం. పాప అప్పటికి రెండో తరగతి. డిగ్రీ చదివాను, ఇంట్లోవాళ్ళ జాకెట్లు కుట్టేంత కుట్టు వచ్చు. చేతిలో చీటీ డబ్బులు ముప్ఫై వేలు ఉన్నాయి.

మొదట అందరూ చేసేదే చేశాను, చీరల రీసెల్లింగ్. హోల్‌సేల్ గ్రూపుల్లో వచ్చిన ఫొటోలు మన గ్రూపుల్లో పెట్టడం, మన లాభం కలిపి ధర చెప్పడం. పెట్టుబడి అక్కర్లేదన్నారు. నిజమే, కానీ అదే ఫొటో మా పిన్ని వాళ్ళ గ్రూపులోనూ, మా పాప స్నేహితురాలి వాళ్ళమ్మ గ్రూపులోనూ ఉండేది. నేను 850 అంటే ఇంకొకరు 820 అనేవాళ్ళు. ఒక్కో చీరకి అరవై, డెబ్భై మిగిలేది. ఫొటోలో ఆకుపచ్చ, ఇంటికి వచ్చేసరికి ముదురు నీలం. తిప్పి పంపిన పదకొండు చీరల డబ్బు నేనే ముందు ఇచ్చేశాను, సప్లయర్ దగ్గర్నుంచి సగం కూడా వెనక్కి రాలేదు. నాలుగు నెలలకి లెక్క చూసుకుంటే ఆరువేల మూడు వందలు నా చేతివి పోయాయి. డబ్బు కంటే ఎక్కువ బాధపెట్టింది మా పెద్దమ్మ కూతురు నాతో మాట్లాడటం తగ్గించడం. ఆ నీలం చీర తీసుకున్నది తనే.

తర్వాత ఒక ఆన్‌లైన్ కోర్సు తీసుకున్నాను. అందులో మొదటిసారి నిష్ అనే మాట విన్నాను. అందరికీ అన్నీ అమ్మకుండా, ఒక చిన్న వర్గానికి వాళ్ళకి మాత్రమే ఉన్న అవసరం చూసి అమ్మడం. ఆ మాట మంచిదే, ఇప్పటికీ దాన్నే నమ్ముతాను. కానీ చివర్లో వంద నిష్‌ల జాబితా అని ఒక పీడీఎఫ్ ఇచ్చారు. యోగా మ్యాట్లు, పెంపుడు కుక్కల గొలుసులు, కాఫీ మగ్గులు. మంగళగిరిలో కూర్చుని కుక్క గొలుసులు ఎక్కడ తెచ్చి ఎవరికి అమ్మను? జాబితాలో ఒక్కటి కూడా నా చుట్టూ ఉన్నది కాదు. అయినా అందులోంచే "పసిపిల్లల వస్తువులు" అన్నది పట్టుకున్నాను. అది పట్టుకోవడం మంచిదే అయింది, కానీ తప్పు చివర పట్టుకున్నాను.

పసిపిల్లల పరుపు, దిండు, దోమతెర కలిపి సెట్టుగా కుట్టించాను. నాలుగు సెట్లు. చూడ్డానికి ముద్దుగా ఉన్నాయి. హైదరాబాద్ నుంచి ఒకరు అడిగితే సంతోషంగా కొరియర్ ఆఫీసుకి తీసుకెళ్ళాను. రెండు కిలోలు కూడా తూగని పెట్టెకి ఎనిమిది కిలోల డబ్బు అడిగారు. అప్పుడు తెలిసింది, కొరియర్ వాళ్ళు అసలు బరువు ఒకటీ, పెట్టె కొలతల బట్టి వేసే బరువు ఒకటీ చూస్తారు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5000 తో భాగిస్తే కిలోలు వస్తాయి. నా పెట్టె 50, 40, 20. నలభై వేలని అయిదు వేలతో భాగిస్తే ఎనిమిది. ఆ రోజు పెట్టె చంకలో పెట్టుకుని ఇంటికి తిరిగి వచ్చేశాను. ఆన్‌లైన్‌లో అమ్మాలంటే వస్తువు ఎంత బాగుందో చూసేముందు అది ఎంత చిన్నగా మడతపడుతుందో చూడాలి. ఇది ఆ కోర్సులో ఎక్కడా లేదు.

2022 జూన్‌లో ఇక ఏమీ కొనకూడదని నిర్ణయించుకున్నాను. పాప వాడి వదిలేసిన నోటుబుక్కులో మిగిలిన కాగితాలు తీసుకుని, రోజూ మధ్యాహ్నం గంటసేపు పెద్ద షాపింగ్ సైట్లలో పసిపిల్లల బట్టల కింద జనం రాసిన రివ్యూలు చదవడం మొదలుపెట్టాను. అయిదు నక్షత్రాలవి వదిలేశాను. వాటిలో "సూపర్", "నైస్" తప్ప ఏమీ ఉండదు. ఒక నక్షత్రం ఇచ్చినవాళ్ళు చాలామంది డెలివరీ మీద కోపంతో రాస్తారు. రెండు, మూడు నక్షత్రాలు ఇచ్చినవాళ్ళ దగ్గర అసలు సంగతి ఉంటుంది. వాళ్ళకి వస్తువు నచ్చింది, కానీ ఏదో ఒకటి ఇబ్బంది పెట్టింది. ఆ ఇబ్బందిని ఓపిగ్గా రాస్తారు.

చిన్నపిల్లల పట్టులంగాల దగ్గరికి వచ్చేసరికి నా నోటుబుక్కు నిండిపోయింది. రంగు బాగుంది కానీ పాప అరగంటలో విప్పేయమని ఏడ్చింది. లోపల లైనింగ్ గరుకుగా ఉంది. నడుం దగ్గర ఎర్రగా ఒరుసుకుపోయింది. జరీ వీపుకి గుచ్చుకుంటోంది. లంగా కిందికి జారిపోతోంది, డైపర్ మీద నిలవడం లేదు. మొదటి పుట్టినరోజుకి కొన్నాం, రెండు నెలలకే పొట్టి అయిపోయింది. ఏడాది సైజు అని రాశారు, మూడేళ్ళ పిల్లకి సరిపోయేలా ఉంది. నేను ఒక్కో ఫిర్యాదు ఎదురుగా గీతలు గీసుకుంటూ వెళ్ళాను. నెలరోజుల తర్వాత చూస్తే గుచ్చుకోవడం, జారిపోవడం, ఈ రెండిటి ఎదురుగానే గీతలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. రంగు, డిజైను గురించి రాసినవాళ్ళు చాలా తక్కువ. అమ్మేవాళ్ళందరూ పోటీపడుతున్నది మాత్రం రంగులు, డిజైన్ల మీదే.

ఇంకొకటి గమనించాను. ఇవి రాసింది ఎక్కువగా ఏడాది, ఏడాదిన్నర పిల్లల తల్లులు. అయిదేళ్ళ పిల్ల గుచ్చుకున్నా అద్దంలో చూసుకుని మురిసిపోతుంది, ఓర్చుకుంటుంది. ఏడాది పాప ఓర్చుకోదు. అక్కడేమో పుట్టినరోజు కేకు, ఫొటోగ్రాఫరు, ఇంటినిండా చుట్టాలు. ఆ తల్లి టెన్షన్ నాకు తెలుసు. మా పాప మొదటి పుట్టినరోజు ఫొటోలన్నిట్లో ఒంటిమీద ఉన్నది పాత నూలు జుబ్బానే. కొన్న గౌను పది నిమిషాలు కూడా ఉంచుకోలేదు.

నోటుబుక్కు పట్టుకుని మా వీధి చివర టైలరక్క దగ్గరికి వెళ్ళాను. ముప్ఫై ఏళ్ళుగా కుడుతోంది ఆవిడ. జారిపోయే సంగతి చదివి వినిపిస్తే నా వంక ఆశ్చర్యంగా చూసింది.

"పసిపిల్లకి నడుం ఎక్కడుందమ్మా నిలబడటానికి? బొజ్జే కదా ఉండేది. నాడా బిగిస్తే ఒరుసుకుంటుంది, వదిలేస్తే జారుతుంది. అందుకే మేం చిన్నప్పుడు బాడీ లంగాలు వేసుకునేవాళ్ళం. ఇప్పుడు కుట్టమని ఎవరడుగుతున్నారు?"

బాడీ లంగా అంటే, పైన చేతుల్లేని మెత్తటి నూలు బాడీ, దానికే కింద లంగా కుచ్చులు కలిపి కుట్టడం. బరువంతా భుజాల మీద ఉంటుంది, నడుం దగ్గర బిగింపే ఉండదు. పైన జాకెట్ వేస్తే లోపల బాడీ ఉన్నట్టే తెలియదు, జాకెట్ జరీ ఒంటికి తగలదు కూడా. నేను నెలరోజులు రాసుకున్న రెండు పెద్ద ఫిర్యాదులకీ మా అమ్మమ్మల కాలంలోనే జవాబుంది. బజారులో అది కనబడటం మానేసింది, అంతే.

గుడ్డకి ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. మా ఊళ్ళో గుంటమగ్గాల మీద నేసే నూలు గుడ్డకి పేరుంది, ఇది ఈ ఊరిదే అని ప్రభుత్వం ఇచ్చే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నిజాం అంచు అని, చిన్న చిన్న గోపురాల్లాంటి మొనల జరీ అంచు. గుడ్డ మధ్యలో సాదాగా ఉంటుంది, పని అంతా అంచులోనే. పసిపిల్ల ఒంటికి అంతకంటే ఏం కావాలి?

ఆ రోజు టైలరక్క బల్ల మీద జరిగింది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా వ్యాపారం ఏ సైజు దగ్గర ఆగాలో తేల్చింది అదే. గుడ్డ పన్నా, అంటే వెడల్పు, 44 అంగుళాలు, రెండు పక్కలా అంచు. పెద్దపిల్లల లంగాకైతే ఒక అంచు కిందికి వస్తుంది, రెండో అంచు నడుం దగ్గర కుచ్చుల్లోకి పోతుంది. అక్క రెండు మీటర్ల గుడ్డ పరిచి, నిలువునా సరిగ్గా సగానికి కత్తిరించింది. రెండు ముక్కలు, ఒక్కోటి 22 అంగుళాల ఎత్తు, ఒక్కోదానికి ఒక అంచు. నేయడంలోనే వచ్చిన అంచు కాబట్టి కింద మడిచి కుట్టే పని లేదు, కాలికి గుచ్చుకునే కుట్టూ ఉండదు. పైన కుట్టుకి ఒక అంగుళం పోతే 21. ఏడాది పాపకి నడుం నుంచి పాదం దాకా 15 అంగుళాలు ఉంటే చాలు. మిగిలిన ఆరు అంగుళాలూ లోపలివైపు మూడు వరసల మడతలుగా కుట్టేసింది. పాప పెరిగే కొద్దీ ఒక్కో వరస విప్పుకుంటూ పోతే అదే లంగా మూడేళ్ళ దాకా వస్తుంది.

అంటే పొట్టి అయిపోతోందన్న మూడో ఫిర్యాదు కూడా తీరింది. పైగా రెండు మీటర్లకి రెండు లంగాలు. నాలుగేళ్ళ పిల్లకైతే 23 అంగుళాలు కావాలి, సగానికి కత్తిరించడం కుదరదు, గుడ్డ ఖర్చు రెట్టింపవుతుంది. కాబట్టి నాది ఏడాది నుంచి మూడేళ్ళ లోపు. ఈ గీత నేను ఊహించి గీసింది కాదు, మగ్గం పన్నాయే గీసి ఇచ్చింది. మడతపెడితే అరకిలో కూడా ఉండదు, పల్చటి కవరులో పట్టేస్తుంది. పరుపుల సెట్టు నేర్పిన పాఠానికి కూడా సరిపోయింది.

రెండు నమూనాలు కుట్టించి ఊళ్ళో చూపించాను. తెలిసినవాళ్ళు, పాప స్కూలు దగ్గర కలిసే తల్లులు, మొత్తం పధ్నాలుగు మంది. అందరూ "చాలా బాగుందండీ" అన్నారు. ఒక్కరూ కొనలేదు. "గుడ్డ మన బజార్లోనే దొరుకుతుంది కదా, మా అమ్మ కుట్టేస్తుంది" అన్నారు ఇద్దరు ముగ్గురు. వాళ్ళ తప్పేం లేదు. కానీ నాకు నీరసం వచ్చేసింది. ఇది కూడా పోయిందనుకుని నమూనాలు బీరువాలో పెట్టేశాను. మూడు వారాలు నోటుబుక్కు తెరవలేదు.

అప్పుడు వినాయకచవితికి మా ఆడపడుచు బెంగళూరు నుంచి వచ్చింది. తనకి పదినెలల పాప. బీరువాలో లంగా చూసి పాపకి తొడిగింది. పాప దానితోనే పాకింది, దానితోనే నిద్రపోయింది.

"వదినా, ఇది నువ్వు ఎవరికి చూపించావు? ఇక్కడివాళ్ళకా? ఇక్కడ గుడ్డా ఉంది, అమ్మా ఉంది, టైలరూ ఉంది. మా అపార్ట్‌మెంటులో ఈ మూడూ లేనివాళ్ళం ఇరవైమంది తెలుగువాళ్ళం ఉన్నాం."

వస్తువు సరిగ్గానే పట్టుకున్నాను, మనుషుల్నే తప్పుగా ఎంచుకున్నాను. మా ఊరి తల్లికి ఇది అవసరం కాదు, అందుబాటులో ఉన్నదే. అదే లంగా బెంగళూరులోనో పుణెలోనో ఉద్యోగం చేసుకుంటూ, అమ్మ ఊళ్ళో ఉండి, పాప పుట్టినరోజుకి నాలుగు వారాలే ఉన్న తల్లికి అవసరం. అవసరం వస్తువులో ఉండదు, అది ఎవరికి దొరకడం లేదో వాళ్ళ దగ్గర ఉంటుంది.

జనం గూగుల్‌లో ఏ మాట ఎప్పుడు ఎక్కువ వెతుకుతున్నారో గీతగా చూపించే గూగుల్ ట్రెండ్స్ కూడా అప్పుడే చూశాను. మొదట దాన్ని తప్పుగా చదివాను. గీత 100 దగ్గరికి వెళ్ళిందంటే వందమంది వెతికారేమో అనుకున్నాను. అది సంఖ్య కాదు, మనం ఎంచుకున్న కాలంలో ఎక్కువ వెతికిన సమయాన్ని 100 అనుకుని మిగతావి దానితో పోల్చి చూపిస్తుంది. నాకు పనికొచ్చింది గీత ఎత్తు కాదు, దాని ఆకారం. పట్టులంగాల వెతుకులాట పండగల ముందు పైకి లేచి తర్వాత పడిపోతోంది. మొదటి పుట్టినరోజు బట్టల వెతుకులాట అలా పడిపోవడం లేదు. పిల్లలు అన్ని నెలల్లోనూ పుడతారు కదా. పండగల మీద ఆధారపడితే ఏడాదిలో సగం ఖాళీగా కూర్చోవాలి. కాబట్టి నా పేజీలో మొదటి మాట "మొదటి పుట్టినరోజు" అనే పెట్టాను, సంక్రాంతి, ఉగాది కింద పెట్టాను. ఇంకో సంగతి, జనం వెతికే మాటలు. నేను పరికిణీ అంటాను. వెతికేవాళ్ళు పట్టు లంగా అంటారు, లంగా జాకెట్ అంటారు, పట్టు పావడ అంటారు. బెంగళూరు, చెన్నైలలో ఉన్నవాళ్ళు పట్టు పావడై అని కూడా కొడతారు. అన్ని మాటలూ రాశాను.

ఈసారి "బాగుందా?" అని ఎవర్నీ అడగలేదు. ఆడపడుచు వాళ్ళ పాప ఆ లంగాలో పాకుతున్న వీడియో, లోపలి మెత్తటి మల్లు గుడ్డ బాడీ దగ్గరగా తీసిన ఫొటో, మడతలు విప్పి చూపించే ఫొటో, ఈ మూడూ పెట్టి ఇలా రాశాను: "ధర 850, పోస్టేజీ కలిపి. ముందు డబ్బు కట్టినవాళ్ళకి కుట్టి మూడు వారాల్లో పంపుతాను. సరిపోకపోతే డబ్బు వెనక్కి." ఆడపడుచు అపార్ట్‌మెంటు గ్రూపులోనూ, తన ఆఫీసు తెలుగు ఆడవాళ్ళ గ్రూపులోనూ పెట్టింది. ముప్ఫై ఒక్కమంది మెసేజ్ చేశారు. తొమ్మిది మంది డబ్బు పంపారు. 2022 నవంబరు రెండో వారం అది. మొదటి 850 ఫోన్‌లో పడ్డ చప్పుడు విని మా అత్తగారు వంటింట్లోంచి "ఎవరమ్మా?" అని అడిగారు. "ఎవరో నాకు తెలియదు అత్తయ్యా, అదే సంతోషం" అన్నాను. అప్పటిదాకా నా దగ్గర కొన్నవాళ్ళందరూ చుట్టాలూ తెలిసినవాళ్ళే.

ఆ తొమ్మిది మందినీ నేను అడిగింది రెండే కొలతలు: ఛాతీ చుట్టుకొలత, నడుం నుంచి పాదం వరకు పొడవు. వయసు అడగలేదు. రివ్యూల్లో వయసు సైజులు చేసిన గొడవంతా చదివి ఉన్నాను. టేపు లేనివాళ్ళని దారంతో కొలిచి స్కేలు పక్కన పెట్టి ఫొటో పంపమన్నాను. తొమ్మిదిట్లో ఒక్కటే వెనక్కి వచ్చింది, అది కూడా జాకెట్ చేతులు బిగుతైతే.

లెక్క కూడా చెప్తాను, ఎవరూ ఇది సరిగ్గా చెప్పరు. ఒక్కో లంగాకి మీటరు గుడ్డ 240. జాకెట్ గుడ్డ 64. లోపలి మల్లు గుడ్డ 100. కుట్టుకూలి 180. గుండీలు, దారం, పేరు చీటీ 26. మొత్తం 610. కవరు, పోస్టు కలిపి వంద. 850 లో జీఎస్టీ తీసేస్తే నా చేతికి వచ్చేది 810 లోపే. వంద కూడా మిగల్లేదు, అందులో నా పనిగంటలు లేవు. జనవరి నుంచి 999 చేశాను. జీఎస్టీ పోగా 951, ఖర్చులు 710, ఆన్‌లైన్ చెల్లింపు రుసుము 24, మిగిలేది 217. ఎందుకు 1,100 పెట్టలేదంటే, అప్పట్లో వెయ్యి రూపాయల లోపు బట్టలకి 5 శాతం పన్ను, దాటితే 12. వంద పెంచితే పన్నుకే చాలా వరకు పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ హద్దు 2,500 కి పెరిగింది కాబట్టి ఇప్పుడు పట్టు కలిసిన రకం కూడా 1,450 కి ఇవ్వగలుగుతున్నాను.

జీఎస్టీ ఎందుకు తీసుకున్నావని చాలామంది అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షల దాకా అక్కర్లేదు కదా అంటారు. అది రాష్ట్రం లోపల అమ్మితే. నా కొనుగోలుదారులు బెంగళూరులో ఉన్నారు. నాలాగా బట్టలు వేరే రాష్ట్రానికి అమ్మితే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలని ఆడిటర్ గారు చెప్పారు. ఎవరికి అమ్ముతామన్నది తేలాకే ఏ కాగితాలు కావాలో తేలుతుంది. ఇల్లు అత్తగారి పేరు మీద ఉంది కాబట్టి ఆవిడ సమ్మతి పత్రం, కరెంటు బిల్లు పెట్టాం. రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వ రుసుమేమీ లేదు. చిన్న వ్యాపారాలు నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే, ఆధార్‌తో అరగంటలో అయిపోయింది. డబ్బు అడిగే సైటు కనబడితే అది ప్రభుత్వానిది కాదని గుర్తు పెట్టుకోండి.

ఒక భయం కూడా చెప్పాలి. పసిపిల్లలు బట్టని నోట్లో పెట్టుకుంటారు. మొదటి విడత గుడ్డ తెచ్చినప్పుడు తెల్ల గుడ్డ తడిపి ఒక్కో రంగు మీదా గట్టిగా రుద్ది చూశాను. పసుపు, చిలకాకుపచ్చ, లేత గులాబీ బాగానే ఉన్నాయి. మెరూన్ మాత్రం తెల్ల గుడ్డకి అంటుకుంది. అందరూ అడిగేది ఆ రంగే. ఎనిమిది మీటర్లు పక్కన పెట్టేశాను, మా కిటికీలకి తెరలు కుట్టుకున్నాం. అప్పట్నుంచి ప్రతి తానూ కొనేముందు చిన్న ముక్క అడిగి తెచ్చి ఉతికి చూస్తాను. నేతగాళ్ళు మొదట విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్ళే ముక్క కత్తిరించి ఉంచుతున్నారు.

2023 సంక్రాంతికి ఇరవై ఆరు లంగాలు వెళ్ళాయి. భోగి జనవరి 14 న. భోగిపళ్ళు పోసేటప్పుడు వేయాలని అందరూ అడిగారు. జనవరి ఏడున పంపినవి మూడు భోగి దాటాక చేరాయి. ఆ ముగ్గురికీ డబ్బు వెనక్కి పంపి, లంగా ఉంచుకోమన్నాను. పిల్ల మొదటి భోగిపళ్ళు మళ్ళీ రావు కదా. ఇప్పుడు సంక్రాంతి ఆర్డర్లు డిసెంబరు 25 తో ఆపేస్తాను.

ఆ ఊపులో పెద్ద తప్పు చేశాను. అయిదు నుంచి ఎనిమిదేళ్ళ సైజులు మొదలుపెట్టాను, తల్లీకూతుళ్ళకి ఒకే రకం అని చీరలు కూడా తెచ్చాను. కొనేవాళ్ళే అడిగారు కాబట్టి తెచ్చాను. కానీ అడిగినవాళ్ళు కొనలేదు. ఆ సైజుల్లో పెద్ద షాపులు ఎన్నో ఉన్నాయి, అక్కడ గుచ్చుకోవడం, జారిపోవడం పెద్ద బాధ కాదు, నా బాడీ లంగాకి అక్కడ విలువ లేదు. ఇరవై రెండు వేలు గుడ్డలో ఇరుక్కుపోయాయి. మంగళగిరిలోనే ఉండి, తిరునాళ్ళ సమయంలో గుడి దారిలో బల్ల వేసుకుని ఆ గుడ్డ మీటర్ల లెక్కన అమ్మి, కొన్న ధరకి కాస్త తక్కువగా వదిలించుకున్నాను. మూడేళ్ళు దాటితే ఇప్పుడు "మా దగ్గర లేవండీ" అని చెప్పేస్తున్నాను.

ఇప్పుడు మామూలు నెలల్లో నలభై అయిదు, యాభై లంగాలు వెళ్తున్నాయి. శ్రావణంలోనూ, సంక్రాంతి ముందూ తొంభై దాకా. టైలరక్కతో పాటు ఇంకో ఇద్దరు కుడుతున్నారు. కొనేవాళ్ళలో నేను అనుకోని వర్గం ఒకటి బయటపడింది, అమెరికా వెళ్ళే అమ్మమ్మలు, నాయనమ్మలు. మనవరాలికి తీసుకెళ్ళడానికి హైదరాబాద్ చిరునామాకి తెప్పించుకుంటారు. వాళ్ళు మడతల సంగతి వినగానే "మా కాలంలో ఇలాగే కుట్టేవాళ్ళమమ్మా" అని అరగంట మాట్లాడతారు. మొన్న ఒకావిడ, 2023 లో కొన్న లంగాకి చివరి మడత కూడా విప్పేసిన ఫొటో పంపారు. విప్పిన చోట మూడు సన్నటి గీతలు కనబడుతున్నాయి. గీతలు పోవాలంటే ఏం చేయాలని అడిగారు. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేయమని చెప్పాను, కాస్త తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు అని కూడా చెప్పాను.

నోటుబుక్కు ఇంకా రాస్తూనే ఉన్నాను, ఇది మూడోది. కొత్త పేజీ పైన "మగపిల్లలకి పంచె, కండువా" అని ఉంది. ఇప్పటికి అడిగినవాళ్ళు పదిహేడు మంది. ముందుగా డబ్బు కట్టమంటే కట్టినవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరికీ ఇంట్లో ఉన్న గుడ్డతోనే కుట్టి పంపాను. పంచె కోసమని గుడ్డ ఇంకా కొనలేదు.